చెప్పి మరీ బ్లాక్ చేసే బాబాయి

లాండ్రీలో సూపర్‌వైజరుగా ఉన్న ఆ పెద్దాయనకు ఒక్కటే జబ్బు. మనుషుల్ని బ్లాక్ చేస్తాడు. కంపెనీ వాళ్లు అందరి ఫోన్లలో పెట్టించిన యాప్‌లో ఎవరి మెసేజీ అయినా ఆయనకు నచ్చలేదంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. అందుకే అందరూ ఆయన్ని బ్లాకు బాబాయి అంటారు. వెనకాల కాదు, మొహం మీదే అంటారు. ఆయన పలుకుతాడు కూడా.

ఊరికే బ్లాక్ చేసి ఊరుకుంటే ఆయనకి ఆ పేరే వచ్చేది కాదు. మామూలు వాళ్లు చడీచప్పుడు లేకుండా బ్లాక్ చేసి, ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. బాబాయి అలాంటి పని చేయడు. బ్లాక్ చేసిన మరుక్షణం ఫోను జేబులో వేసుకుని, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికి నడిచి వెళ్లి, ఎదురుగా నిలబడి, పెళ్లిపిలుపుకి వచ్చినవాడిలా మర్యాదగా చెబుతాడు.

"నిన్ను బ్లాక్ చేశాను. చెప్పి పోదామని వచ్చాను."

చెప్పి పోతాడా అంటే అదీ లేదు. ఎదుటివాళ్లు ఏ పనిలో ఉంటే ఆ పనిలో ఒక చెయ్యి వేస్తాడు. బండి తోస్తుంటే రెండో పక్క పట్టుకుంటాడు, మూట కడుతుంటే ముడి మీద వేలు పెడతాడు. ఇక మీదట ఏం చెప్పాలన్నా తన దగ్గరికి వచ్చి నోటితో చెప్పమంటాడు. ఆ తర్వాత కీచు కీచుమంటూ వెళ్లిపోతాడు. ఆ కీచు ఆయన రబ్బరు బూట్లది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ షెడ్డులో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఉతికే మిషన్ల రొద, ఆరబెట్టే మిషన్ల రొద, మధ్యలో ఆవిరి బుసలు. ఇన్ని చప్పుళ్లలోనూ ఆ కీచు విడిగా వినిపిస్తుంది. అది దగ్గరికి వస్తోందంటే ఎవరికో మూడిందని అర్థం.

మడతల బల్ల దగ్గర పనిచేసే కొత్తమ్మాయి ఈ తమాషా అంతా మొదటినుంచీ చూస్తూ వచ్చింది. ఆమె చేరి ఏళ్లు గడిచాయి, ఆమె వెనక చేరినవాళ్లు పాతవాళ్లు కూడా అయిపోయారు, ఆమె మాత్రం కొత్తమ్మాయిగానే ఉండిపోయింది. ఒకసారి పడిన పేరు ఆ షెడ్డులో ఎంత ఉతికినా పోదు. బాబాయి ఎవరి మీదికి బయలుదేరినా మడతల బల్ల పక్కనుంచే పోవాలి కాబట్టి, ఆమెకు అన్నీ ముందు వరసలోంచి కనిపించేవి.

లారీ డ్రైవరు సంగతి ఆమె కళ్ల ముందే జరిగింది. అతను మెసేజీ రాయడు, గొంతు రికార్డు చేసి పంపుతాడు. అందులో సగం హారన్లే. బాబాయి వెళ్లేసరికి అతను లారీలోకి మూటలు ఎక్కిస్తున్నాడు.

"నిన్ను బ్లాక్ చేశాను. చెప్పి పోదామని వచ్చాను," అని బాబాయి ఒక మూట అందుకున్నాడు.

"అదేంటి బాబాయ్? నేను రోడ్డు మీద ఉన్నప్పుడు ఏదన్నా చెప్పాలంటే?"

"వచ్చాక చెప్పు."

"లారీ మధ్యలో చెడిపోతే?"

"చెడిపోతే నువ్వు రావు. రాకపోతే నాకే అర్థమవుతుంది."

డ్రైవరు కాసేపు ఆలోచించి, ఇందులో తప్పెక్కడుందో తేల్చుకోలేక, ఇంకో మూట అందించాడు.

బాయిలర్ దగ్గర ఉండే ఆయన పొద్దున్నే అందరికీ పువ్వుల బొమ్మ పంపేవాడు. ఒక రోజు గులాబీ, ఒక రోజు మందారం. ఆయన్ని బ్లాక్ చేసినప్పుడు పాపం చిన్నబుచ్చుకున్నాడు. "శుభోదయం చెప్పడం తప్పా బాబాయ్?" అన్నాడు. "తప్పు కాదు. రోజూ నా ముందు నిలబడి చెప్పు," అన్నాడు బాబాయి. ఆ రోజునుంచి బాయిలర్ ఆయన రోజూ పొద్దున వచ్చి నిలబడి శుభోదయం చెబుతాడు. బాబాయి లేచి నిలబడి అందుకుంటాడు. ఇద్దరికీ అది కవాతులా తయారైంది.

లెక్కలాయన్ని ఎందుకు బ్లాక్ చేశాడో ఎవరికీ తెలియదు. అడిగితే లెక్కలాయన చెవులు ఎర్రబడేవి. ఇస్త్రీ అక్కని మాత్రం, అంటే పెద్ద రోలర్ మిషను మీద దుప్పట్లు సాగదీసే ఆవిణ్ని, బాబాయి ఒకసారి బ్లాక్ చేసి, తీసి, మళ్లీ బ్లాక్ చేశాడు. "మా పెళ్లి కూడా ఇంత ఊగిసలాడలేదు," అనేది ఆవిడ.

ఇంటి దగ్గర పిన్నికి కూడా ఈ సంగతి తెలుసు. ఆవిడ లాండ్రీకి ఫోన్ చేసి కొత్తమ్మాయినే పిలవమనేది. "మీ బాబాయి ఇంకా ఇంటికి రాలేదు. ఇవాళ ఎవర్ని చేశాడమ్మా?"

"బాయిలర్ ఆయన్ని పిన్నీ."

"బాయిలర్ అంటే షెడ్డుకి అటు చివర కదూ. అయితే అన్నం ఇప్పుడే పెట్టను," అని ఫోన్ పెట్టేసేది.

వీటన్నిటికీ తలమానికం చిన్నసారు ముచ్చట. చిన్నసారు అంటే యజమాని పెద్దసారు కొడుకు. ఆ యాప్ తెచ్చిందే ఆయన. కంపెనీలో ఇక ఏదీ గాలి మాటగా ఉండకూడదని ఆయన పట్టుదల. అందుకని యాప్‌లో ఒక ఏర్పాటు పెట్టించాడు. సూపర్‌వైజరు తెరిచి చదివిన ప్రతి మెసేజీకి ఒక నకలు ఆఫీసుకు పోతుంది. అక్కడికి చేరాక అది రాతకోతల్లోకి ఎక్కినట్టే, దానిమీద ఏదో ఒక చర్య తీసుకోవాల్సిందే. తెరవని మెసేజీకి లెక్క లేదు. బ్లాక్ చేసిన మనిషిదైతే, అప్పటికే వచ్చి తెరవకుండా ఉన్నది కూడా వెనక్కి పోయి గుమ్మం బయటే ఆగిపోతుంది, తర్వాత బ్లాక్ తీసినా లోపలికి రాదు.

ఆ చిన్నసారునే ఒక సాయంత్రం బాబాయి బ్లాక్ చేశాడు. మెట్లెక్కి అద్దాల గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా చెప్పాడు.

"సార్, మిమ్మల్ని బ్లాక్ చేశాను. చెప్పకుండా చేయడం మర్యాద కాదని వచ్చాను."

చిన్నసారు కుర్చీలోంచి లేచాడు. "నన్నా? ఎందుకు?" అన్నాడు.

"మీ మెసేజీ వస్తే నాకు ఎక్కిళ్లు వస్తున్నాయి సార్."

"ఎక్కిళ్లా?"

"ఒకసారి మొదలైతే తగ్గడం లేదు. నీళ్లు తాగినా తగ్గడం లేదు. నా వయసుకి అది మంచిది కాదు. ఏదన్నా ఉంటే మీరే కాస్త కిందికి దిగి చెప్పండి."

ఇంకెవరైనా అయితే ఆ మెట్లు అటే దిగి ఇంటికి పోయేవాళ్లు. కానీ బాబాయి సంగతి వేరు. పెద్దసారు ఒకే ఒక్క మిషనుతో లాండ్రీ మొదలుపెట్టినప్పుడు పక్కన నిలబడ్డ మనిషి. చిన్నసారు పసివాడుగా ఉన్నప్పుడు ఇదే షెడ్డులో దిండు గలేబుల బండిలో కూర్చోబెట్టి తిప్పిన మనిషి. ఆయన్ని చిన్నసారు పొమ్మనలేడు. మర్నాటినుంచి ఏం చెప్పాలన్నా మెట్లు దిగి రావడం మొదలుపెట్టాడు. దిగి వచ్చినప్పుడల్లా రోలర్ మిషను వెనకనుంచి ఎవరో ఒకరు ఎక్కిళ్లు పెట్టేవాళ్లు. ఇస్త్రీ అక్క ఎక్కిళ్లయితే అచ్చం నిజమైనవాటిలాగే ఉండేవి.

ఇంతమంది బ్లాక్ అవుతుంటే కొత్తమ్మాయికి లోపల కాస్త గర్వంగా ఉండేది. తన వంతు రాలేదు మరి. కాస్త వెలితిగానూ ఉండేది. అందరికీ పిలుపు వచ్చి తనకు రానట్టు.

ఆ పిలుపు రానే వచ్చింది. అది బల్లగుడ్డలు గులాబీ రంగుకి తిరిగిన రోజు.

ఒక పెద్ద హోటలు వాళ్లు తెల్లటి బల్లగుడ్డలు సాయంత్రానికల్లా కావాలని మూటలు దింపారు. దుప్పట్లు, బల్లగుడ్డలు, నాప్‌కిన్లు విడదీయడం కూడా మడతల బల్ల దగ్గరి పనే, దానికి టైము పడుతుంది. చిన్నసారు పైనుంచి ఫోన్ చేసి, "విడదీసేదేం వద్దు, కలిపి వేసేయండి," అన్నాడు. కలిపి వేశారు. ఎక్కడో ఒక ఎర్ర నాప్‌కిను దాక్కుని ఉంది. మిషను తలుపు తీసేసరికి లోపల అంతా గులాబీ రంగు. వేరే దారి లేక అలాగే పంపితే హోటలు వాళ్లు లారీని వెనక్కి తిప్పి పంపారు. చిన్నసారు అందరూ చూసే గ్రూపులో రాశాడు, మడతల బల్ల దగ్గర కళ్లు మూసుకుని పనిచేస్తే ఇలాగే ఉంటుందని.

కొత్తమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. కలిపి వేయమన్నది ఎవరు, మాట పడింది ఎవరు? ఇంట్లో మంచం దిగలేని అత్తగారు, బడికి పోయే కూతురు, వేరే కంపెనీ లారీ మీద ఊళ్లు తిరుగుతూ ఇంటికి చుట్టంలా వచ్చే మొగుడు. ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. అవన్నీ ఆ నిమిషంలో గుర్తు రాలేదు. దుప్పట్ల గుట్ట వెనక నిలబడి, బాబాయికి టకటకా కొట్టింది. "నేను మానేస్తున్నా. రేపటినుంచి రాను. మీ బల్ల మీరే మడుచుకోండి."

పంపాక చూసుకుంటే చివర ఒక పసుపు బొమ్మ మొహం పళ్లికిలిస్తూ కూర్చుంది. ఏం రాసినా చివర ఆ బొమ్మ పెట్టడం ఆమె వేలికి అలవాటు. ఉద్యోగం మానేస్తూ కూడా పెట్టేసింది. దాంతో ఇంకా ఏడుపొచ్చింది. సంచీ తీసుకుని గేటు దాటి బస్సు ఆగే చోటికి వచ్చి నిలబడింది.

అక్కడ ఉన్నది పొడి నేలే. అయినా వెనకనుంచి ఆ కీచు వినిపించింది.

"నిన్ను బ్లాక్ చేశాను. చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు బాబాయి. ఆయాసపడుతున్నాడు. చేతులు మోచేతుల దాకా సబ్బునురగ.

కొత్తమ్మాయి కళ్లు తుడుచుకుంది. "నన్నెందుకు బాబాయ్?"

"ఆ పసుపు మొహం. సెలవు అడిగినా ఇకిలిస్తుంది, జ్వరమన్నా ఇకిలిస్తుంది. ఎన్నాళ్లని చూడను?"

"మీరు... నేను ఇందాక పంపింది చూశారా?"

"బ్లాక్ చేశానంటే ఎలా చూస్తానమ్మా? ఏం పంపావు?"

చెప్పడానికి నోరు తెరిచింది. ఇంతలో బస్సు వచ్చింది.

"సరే, రేపు పొద్దున నా ముందుకొచ్చి చెప్పు," అని ఆమె చేతిలో సంచీ అందుకుని, బస్సెక్కించి, సంచీ లోపలికి అందించాడు.

మర్నాడు ఆమె చెప్పడానికే వచ్చింది. రాత్రి అత్తగారికి మందులు వేసి, కూతురి బడి బట్టలు మడతపెట్టి, కూర్చుని ఆలోచిస్తే కోపం కాస్తా భయంగా మారింది. అయినా మాటంటే మాటే అనుకుంటూ వచ్చింది. వచ్చి చూస్తే బల్ల మీద నిన్నటి బల్లగుడ్డలు పాలలా తెల్లగా ఉన్నాయి. బాబాయి, ఇస్త్రీ అక్క కలిసి వాటిని రంగు పోయేదాకా ఉతికారట.

"ఏదో చెబుతానన్నావు?" అన్నాడు బాబాయి ఒక గుడ్డ కొస అందిస్తూ.

కొత్తమ్మాయి రెండో కొస అందుకుంది. ఇద్దరూ సాగదీశారు, మడిచారు, దగ్గరికి నడిచారు.

"ఏం లేదు బాబాయ్."

"లేకపోతే మంచిదే," అని ఆయన ఇంకోటి అందించాడు.

ఆమె దాన్ని అదృష్టమనే అనుకుంది. ఆయన పిచ్చి సరిగ్గా ఆ వేళకి తనవైపు తిరిగి తన ఉద్యోగం నిలబెట్టిందని, ఆ సంగతి ఆయనకు కూడా తెలియదని అనుకుంది. ఆ పసుపు మొహానికి మనసులో దండం పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

అలా చాలాకాలం గడిచాక, ఒక శుక్రవారం పొద్దున చిన్నసారు అందర్నీ షెడ్డు మధ్యలో నిలబెట్టి కొత్త సంగతి చెప్పాడు. సోమవారం యాప్ మారిపోతుంది. కొత్తదాంట్లో అన్నీ అదే చదువుకుని అదే చేసేస్తుంది. సెలవు అని కనిపిస్తే సెలవు వేసేస్తుంది. మానేస్తున్నా అని కనిపిస్తే జీతాల పట్టీలోంచి పేరు తీసేస్తుంది. మధ్యలో మనిషి అక్కర్లేదు.

"ఇంకో గొప్ప సంగతి," అన్నాడు చిన్నసారు బాబాయి వైపు చూసి నవ్వుతూ. "కొత్తదాంట్లో బ్లాకు అనేదే లేదు. ఇన్నాళ్లూ బయట ఆగిపోయిన మెసేజీలన్నీ సోమవారం పొద్దున ఒక్కసారిగా లోపలికి వచ్చేస్తాయి. ఒక్కటి కూడా పోదు."

అందరూ బాబాయి వైపు తిరిగి నవ్వారు. బాబాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎక్కిళ్లు పెట్టాడు. ఈసారివి నిజమైనవి.

కొత్తమ్మాయి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మానేస్తున్నా అని తను రాసింది గుర్తొచ్చింది. సోమవారం పొద్దున అది లోపలికి వస్తుంది. యాప్‌కి అది పాత కోపమని ఏం తెలుసు?

అప్పటినుంచి షెడ్డులో కీచు ఆగలేదు. బాబాయి బల్ల నుంచి బల్లకి, మిషను నుంచి మిషనుకి తిరుగుతూనే ఉన్నాడు. ప్రతి మనిషి చెవి దగ్గరా వంగి ఏదో చెప్పి, తర్వాతి మనిషి దగ్గరికి పోతున్నాడు. మధ్యమధ్య ఎక్కిళ్లు. చివరికి మడతల బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నీ ఫోను తీసి, నువ్వూ నేనూ మాట్లాడుకున్న చోటికి పోయి, చివర పంపింది చెరిపెయ్. లోపలికి రాకముందు పంపినవాళ్లు చెరపొచ్చట. నా వల్ల కాదు, పంపినవాళ్లే చెయ్యాలి."

"ఏం పంపానో మీకు తెలియదుగా బాబాయ్?"

బాబాయి దుప్పటి అంచు సరిచేశాడు. "నాకేం తెలుసు? ముందుజాగ్రత్త," అని ఎక్కిళ్లు పెడుతూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తిండి గదిలో ఎవరి డబ్బా వాళ్లు ముందు పెట్టుకున్నారు గానీ ఎవరూ మూత తీయలేదు. అందరి తలలూ ఫోన్లలోనే ఉన్నాయి. ముందుగా ఇస్త్రీ అక్క బయటపడింది.

"నేను మానేశానర్రా," అంది. "రోలర్ మిషను చెయ్యి కాల్చిన రోజు ఒకసారి. మళ్లీ జీతం పెంచనన్న రోజు ఒకసారి. రెండూ ఇక్కడే ఉన్నాయి. ఆ రెండు సార్లే నన్ను బ్లాక్ చేశాడు ముసలాయన."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నాది గొంతు రికార్డు. వర్షంలో గేటు దగ్గరే లారీ దిగబడిన రోజు చిన్నసారు వంశాన్నంతా పేరుపేరునా పలకరించాను. హారన్ మోగుతూనే ఉంది గానీ, మాటలు బాగానే వినిపిస్తున్నాయి."

అందరూ లెక్కలాయన వైపు చూశారు. ఆయన చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి. "మా ఆవిడకి పంపబోయి ఆయనకి పంపాను," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఏమని?"

"బంగారం, అలిగావా అని."

నవ్వుకి డబ్బాల మూతలు కదిలాయి. లెక్కలాయన కూడా నవ్వేశాడు. "నకలు ఆఫీసుకు పోతే ఏమయ్యేవాణ్ని? ఆ నిమిషమే ఆయన నా దగ్గరికొచ్చి, నిన్ను బ్లాక్ చేశాను, ఇంటికి తొందరగా వెళ్లు అన్నాడు. ఎందుకన్నాడో నాకు అప్పుడు తట్టలేదు."

అప్పుడు కొత్తమ్మాయి తనది చెప్పింది. అందరికీ ఒకేసారి వెలిగింది. మెసేజీ తెరవకపోయినా దాని మొదటి ముక్క, గొంతు రికార్డుదైతే మొదటి మాటలు రాతగా, తెర మీద కనిపిస్తుంది. ఆ ముక్క చూసి, తెరవకుండా, బ్లాక్ నొక్కి, ఆయన బయలుదేరేవాడు. వంక ఏదో ఒకటి దారిలో ఆలోచించుకునేవాడు. వాళ్ల కోపాల్నీ తప్పుల్నీ గుమ్మం బయట నిలబెట్టి, మనుషుల్ని మాత్రం లోపలే ఉంచుకున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, వాళ్ల కోసం ఆ తడి నేల మీద అన్నేళ్లు నడిచాడు.

బాయిలర్ ఆయన తన ఫోను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. "నావన్నీ పువ్వులే," అన్నాడు దిగులుగా.

"నిన్ను మాత్రం నిజంగానే చిరాకుతో చేశాడు," అంది ఇస్త్రీ అక్క.

"అంతేనంటావా," అని ఆయన గులాబీ తర్వాత గులాబీ చెరపడం మొదలుపెట్టాడు.

అప్పుడే తలుపు దగ్గర చిన్నసారు కనిపించాడు. చేతిలో ఫోను. గదిలోకి రావాలా వద్దా అన్నట్టు ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఎవరూ ఎక్కిళ్లు పెట్టలేదు. ఆయన అందర్నీ ఒకసారి చూసి, తలుపుకి దగ్గరగా కూర్చున్న కొత్తమ్మాయినే అడిగాడు.

"ఇందులో పాత మెసేజీ చెరపడం ఎలా? బాబాయి పైకి వచ్చి తప్పకుండా చెరపమని చెప్పి వెళ్లాడు. నాకు రావడం లేదు."

యాప్ తెచ్చిన మనిషికి అందులో చెరపడం రాదు. కొత్తమ్మాయి నవ్వు ఆపుకుని ఫోను అందుకుంది. బాబాయితో ఆయన మాటలు తెరిచింది. చివరి మెసేజీ అక్కడే ఉంది. తారీకు గులాబీ రంగు బల్లగుడ్డల రోజుదే.

"మడతల బల్ల దగ్గరి కొత్తమ్మాయిని తీసెయ్యి. రేపటినుంచి గేటు లోపలికి రానివ్వొద్దు."

ఆమె తల ఎత్తింది. చిన్నసారుకి అప్పుడే గుర్తొచ్చింది, ఫోను ఎవరి చేతిలో పెట్టాడో. లోపల ఉన్న కాలు కూడా బయటికి లాక్కున్నాడు.

"అది... ఆ రోజు కోపంలో..." అన్నాడు. "కలిపి వేయమన్నది నేనే. కోపం తగ్గాక తప్పు నాదేనని తెలిసింది. చెబుదామనుకుంటూనే ఉన్నాను."

కొత్తమ్మాయి ఆ తారీకు మళ్లీ చూసింది. ఒకే సాయంత్రం, ఒకే ఉద్యోగం. తను వదిలేస్తానంది, ఆయన తీసేస్తానన్నాడు. రెండూ ఒక ముసలాయన జేబులో పడ్డాయి. ఆ సాయంత్రం ఆయన అద్దాల గది మెట్లెక్కి ఎక్కిళ్ల కథ చెప్పి, దిగి, మిషను దగ్గర చేతులు సబ్బులో ముంచి, నురగ కూడా కడుక్కోకుండా బస్సు దగ్గరికి వచ్చాడన్నమాట.

ఆమె తన ఫోను తీసి చిన్నసారు ముందు పెట్టింది. "నాదీ ఆ రోజుదే ఉంది సార్."

చిన్నసారు చదివాడు. చివర పళ్లికిలిస్తున్న పసుపు మొహం దగ్గర ఆగాడు. ఆపుకుందామని చూశాడు గానీ, ఆయన వల్ల కాలేదు. నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే రెండూ చెరిపేసింది, ముందు ఆయనది, తర్వాత తనది.

"అయితే మన ఇద్దరి మాటా చెల్లలేదన్నమాట," అన్నాడు చిన్నసారు.

"చెల్లనివ్వలేదు సార్."

సాయంత్రం కొత్తమ్మాయి బాబాయిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన ఆరబెట్టే మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, బూట్లు విప్పి, మోకాలు రుద్దుకుంటున్నాడు. ఎక్కిళ్లు తగ్గాయి. ఆమె పక్కనే నిలబడింది.

"అందరం చెరిపేశాం బాబాయ్. చిన్నసారుది నేనే చెరిపాను."

బాబాయి చెయ్యి మోకాలి మీద ఆగింది. "చదివావా?"

"చదివాను."

"నేను చదవలేదు," అన్నాడు ఆయన గబుక్కున. "నాకు ఎక్కిళ్లు వచ్చాయి."

"ఇంకా ఎక్కిళ్లేనా బాబాయ్?"

ఆయన కాసేపు బూటు అడుగున అంటుకున్న దారం తీస్తూ కూర్చున్నాడు. "ఆ రోజు నీకూ కోపమే, వాడికీ కోపమే. ఇద్దరూ ఒకటే మాట రాశారు, ఇటునుంచి నువ్వు, అటునుంచి వాడు. నేను తెరిచానంటే అది కాగితం అయి కూర్చుంటుంది. తెల్లారి మీరిద్దరూ మామూలైపోతారు, అది మామూలవదు. నా ముందుకొచ్చి నోటితో అన్నారనుకో, నాకు చెవుడు వచ్చిందని చెప్పుకోవచ్చు. ఈ యాప్‌కి చెవుడు రాదు కదమ్మా."

కొత్తమ్మాయి రెండో బూటు తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. ఆ ఉద్యోగం మీద నడిచిన ఇల్లు, అత్తగారి మందులు, కూతురి బడి, అన్నీ ఆ కీచుమనే బూట్ల మీద నడిచి వచ్చినట్టు తోచింది. "మీ రుణం ఎలా తీర్చుకోవాలి బాబాయ్," అంది.

"ఆ పసుపు మొహం మానెయ్యి. అది మాత్రం నిజంగానే చిరాకు," అన్నాడు బాబాయి.

సోమవారం పొద్దున కొత్త యాప్ వచ్చింది. ఆగిపోయిన మెసేజీలన్నీ లోపలికి వచ్చేస్తాయని చిన్నసారు చెప్పినట్టే తలుపులు తెరుచుకున్నాయి. లోపలికి వచ్చింది ఒక్కటే, బాయిలర్ ఆయన చెరపడం మరిచిపోయిన ఒక మందారం. యాప్ దాన్ని చదవబోయి ఏం చేయాలో తెలియక ఊరుకుంది. జీతాల పట్టీలో ఉన్న పేర్లన్నీ ఉన్నట్టే ఉన్నాయి. చిన్నసారు ఆ మాట పైనుంచి రాసి పంపకుండా, మెట్లు దిగి వచ్చి చెప్పాడు. చెప్పి, మడతల బల్ల దగ్గర ఆగి, అందరూ వింటుండగా, బల్లగుడ్డల విషయంలో ఆ రోజు తప్పు తనదేనన్నాడు. మెట్లవైపు తిరుగుతూ, "ఎక్కిళ్లు తగ్గాయా బాబాయ్?" అని అడిగాడు.

"మీరు ఇలా దిగి వస్తుంటే ఎందుకుంటాయి సార్," అన్నాడు బాబాయి.

ఆ తర్వాత బాబాయి షెడ్డంతా తిరిగాడు. ప్రతి మనిషి ముందూ ఆగి, "నిన్ను అన్‌బ్లాక్ చేశారట వాళ్లు. చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు. బండి తోసేవాళ్లతో బండి తోశాడు, మూట కట్టేవాళ్లతో మూట కట్టాడు. బాయిలర్ ఆయన లేచి నిలబడి శుభోదయం చెప్పాడు. బాబాయి శుభోదయం అందుకుని, "మందారం బాగుంది," అన్నాడు. బాయిలర్ ఆయన ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆయన షెడ్డు అటు చివరికి చేరుకున్నాక కొత్తమ్మాయి ఫోను తీసింది. ఇన్నేళ్ల తర్వాత ఆయనకి మొదటి మెసేజీ. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. చివరికి, "మీరు లేకపోతే నేను ఇక్కడ ఉండేదాన్ని కాదు బాబాయ్. థాంక్స్," అని రాసింది. కాసేపు ఆగి, కావాలనే, చివర ఒక పసుపు మొహం పెట్టింది. పళ్లన్నీ కనిపించేది చూసి మరీ పెట్టింది.

దూరంగా బాబాయి జేబులో టింగుమంది. ఆయన ఫోను తీశాడు. కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. ఈసారి తెరిచి, చివరిదాకా చదివాడు. షెడ్డు ఇవతలి చివర ఉన్న మడతల బల్ల వైపు గుర్రుగా చూసి, ఫోను జేబులో వేసుకుని బయలుదేరాడు.

కీచు, కీచు, కీచు. రోలర్ మిషను దాటి, ఉతికే మిషన్లు దాటి, మూటల గుట్ట చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ పసుపు మొహం," అన్నాడు.

"ఇప్పుడు బ్లాక్ చేయలేరు కదా బాబాయ్."

"చేయలేను. అదే చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు బాబాయి, బల్ల మీద ఉన్న దుప్పటి రెండో కొస అందుకుంటూ.